రెండు చిమ్నీలు

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఇల్లు కొన్న కొత్తలో, చెక్కపొట్టు గుళికలతో మండే మా పెల్లెట్ స్టవ్‌ను తనిఖీ చేయడానికి పొగగొట్టాల ఇన్‌స్పెక్టరు వచ్చారు. హాల్లో స్టవ్ మండుతోంది. వంటగదిలో అత్తమ్మ పోపు పెడుతూ, మన ఇళ్లలో చిమ్నీ అని పిలిచే పొగ పీల్చే ఫ్యాను వేసింది. వెంటనే స్టవ్‌లోంచి పొగ హాల్లోకి తన్నుకొచ్చింది. ఇక స్టవ్ వాడేందుకు అనుమతి రాదనుకున్నాను. అత్తమ్మ మాత్రం ఫ్యాను ఆపి, కిటికీ తీసింది.

“ఈ చిమ్నీ ఆ చిమ్నీ గాలిని గుంజుతాంది బిడ్డా. పొగ ఎటు పోతదో చూడకుండ పొయ్యి ముట్టిస్తరా?” అంది.

మా పాప ఆ మాటల్ని జర్మన్‌లో చెప్పింది. ఆయన తలూపి, కిటికీ తెరిస్తేనే ఫ్యాను తిరిగే స్విచ్ పెట్టిస్తే చాలని నివేదికలో రాశారు.

ఇక్కడ ఆయనలాంటి పొగగొట్టాల పనివారిని తాకితే అదృష్టమంటారు. ఆ రోజు ఆయనే వచ్చి అత్తమ్మ చెయ్యి అందుకున్నారు.