ఇసుక దిబ్బ మీద పదిహేను గారెలు

ఈ సంగతి రెండేళ్ళ క్రితమే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకుని, చెయ్యి కుదిరాక మొదట రాస్తున్నది ఇదే. ఒక్క పూట ఎడారి షికారును నేనెంత చక్కగా చెడగొట్టానో చెబుతాను, నవ్వుకోండి.

నేను దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో మా అమ్మాయి సునీత దగ్గర ఉంటాను. తను నర్సు. తన పెళ్ళయిన మొదటి ఏడు మా వియ్యపురాలు రత్నమ్మగారు పాలకొల్లు నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. ఆవిడ రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చునేవారు. ఆ కళ్ళజోడంటే నాకు హడల్. నాకు చదువు రాదని తెలిస్తే కూతురు చులకనైపోతుందని నా బెంగ.

ఆవిడ ఊరెళ్ళేలోపు ఇసుక దిబ్బలు చూపించాలని అల్లుడు ప్రసాద్ కారు మాట్లాడాడు. ఆ పొద్దున ఆసుపత్రి డ్యూటీ నుంచి ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, కారువాళ్ళు చెప్పిన జాగ్రత్తలన్నీ తెలుగులో రాసి పంపాను. అమ్మకూ చూపించండి."

చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వేలితో పైకీ కిందకీ జరిపారు.

"మీరు చూశారు కదండీ?"

"చూశానండీ."

"నేనూ చూశాను. ఇంకేటండీ మరి!"

ఇద్దరమూ అబద్ధమాడలేదు, గమనించండి.

తర్వాత నేను గారెలు వేసి, కోడికూర వండాను. "ఎడారిలో ఏం దొరుకుద్దండీ, ఇంకోటి వేసుకోండి" అంటూ వడ్డించాను. నేను ఎనిమిది తిన్నాను, ఆవిడ ఏడు. కారొస్తే మిగిలినవి డబ్బాకెత్తి ఎక్కేశాం. దారిలో ఆసుపత్రి దగ్గర పిల్లలిద్దరూ, సునీతా ప్రసాదూ, డ్యూటీ దిగి ఎక్కారు.

"తినండి బాబూ" అని డబ్బా మూత తీశాను.

"ఇప్పుడొద్దు అత్తయ్యా, అందులో రాశాను కదా!"

"అవునవును, రాశావు" అన్నాం ఇద్దరం ఒక్కసారే. సునీత నా వైపు అదోలా చూసింది.

దిబ్బల దగ్గర డ్రైవర్ "బెల్ట్ లగావో అమ్మాజీ, యల్లా!" అన్నాడు, బెల్టు పెట్టుకోండి, పోదాం పదండని. ఇక చూడండి, గిన్నెలో మినప్పప్పు కడిగినట్టు మమ్మల్ని కలియబెట్టాడు. మొదటి దిబ్బకి దేవుణ్ణి తలుచుకున్నాను. రెండో దిబ్బకి కోడి కూడా గుర్తొచ్చింది.

"వదినగారో, నా గారెలు పైకొచ్చేత్తన్నాయండీ!"

"నావి వచ్చేశాయండీ!" అన్నారు రత్నమ్మగారు.

డ్రైవర్ వెనక్కి చూసి, సీటుకేసి చూసి, "ఖలాస్" అని కారు ఆపేశాడు.

దిబ్బ కింద చాప మీద మా ఇద్దరినీ పడుకోబెట్టి పిల్లలు నీళ్ళ కోసం వెళ్ళారు. ఇక దాచే ఓపిక లేక చెప్పేశాను.

"నాకు చదువు రాదు వదినగారూ. మీరు చదివారు కదా అని ఊరుకున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసి చాప మీద పెట్టారు.

"మీరు చదివారని నేనూ ఊరుకున్నానండీ."

"మరి రోజూ ఆ కళ్ళజోడు?"

"బొమ్మలు బాగా కనపడతాయండీ!"

అంత నీరసంలోనూ ఇద్దరం ఇసుకలో దొర్లి నవ్వాం. చదవని మాటకు "చూశాను" అని జవాబు చెప్పనని ఆ దిబ్బ సాక్షిగా ఒట్టు వేశాను. వేసేటప్పుడు కూడా తేన్పు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అల్లుడు పంపిన దాంట్లోని మొదటి మాటను సునీత చేత పాత క్యాలెండర్ కాగితం వెనక పెద్దగా రాయించుకుని, దాని మీద దిద్దడం మొదలుపెట్టాను. వదినగారు కళ్ళజోడు తుడుచుకుని పక్కన కూర్చున్నారు. నేను జీవితంలో మొట్టమొదట రాసిన ఆ మాట: "తక్కువ తినండి."