మూడు పెరుగు డబ్బాలు

ఆ ఏడు క్రిస్మస్‌కి ఎక్కడికీ పోకూడదని పట్టుబట్టింది నేనే. ఎప్పుడూ కృష్ణగిరి దగ్గర గురుబరపల్లిలో మా అత్తగారింటికి పోతాం. పోతే కేకు కోయకముందే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుంటారు. రెండేళ్ళ కిందట మా మూడేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ పిల్లా, మా కొడుకూ కవలలు. నాకు ఏడుపు లేని పండగ ఒక్కటంటే ఒక్కటి కావాలి. హోసూరులో మా అద్దె ఇంట్లోనే స్వెటర్లు వేసుకుని తిరిగి, బిర్యానీ తిని, మళ్ళీ పడుకునే పండగ. మా ఆయన ఫ్యాక్టరీకీ నా ఫ్యాక్టరీకీ ఒకేసారి సెలవు దొరికింది. "సరే, నీ ఇష్టం" అన్నాడు. ఆయన అన్నిటికీ అదే అంటాడు.

ఇంట్లో ఆ పిల్ల ఫోటో ఒక్కటి కూడా లేదు. నేనే తీసేశాను. కుందేలు చెవులున్న దాని చలిటోపీని పెట్టె అడుగున పెట్టాను. పేరు ఎత్తొద్దని అందరికీ చెప్పాను. దుఃఖం వల్ల అనుకున్నారు. దుఃఖం ఉంది, కానీ అది భయం. సమాధి దగ్గర ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "జంటగా పుట్టినోళ్ళమ్మా. పోయింది ఉన్నోణ్ణి పిలుస్తాది. బిడ్డ జోపానం" అంది. నేను పనిచేసేది క్వాలిటీ సెక్షన్‌లో. వెంట్రుకంత గీత కనిపించినా ఆ ముక్కను పక్కన పడేస్తాను. ఆ మాటను మాత్రం పడేయలేకపోయాను. పిల్లవాడి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, రాత్రంతా పక్కనే మేలుకుని కూర్చునేదాన్ని. పేరు వినబడకపోతే అది మా ఇంటి దారి మరిచిపోతుందనుకున్నాను. కన్నతల్లిని, నా బిడ్డ గురించే అలా అనుకున్నాను.

నా కొడుకు చెల్లెలి పేరు ఎత్తేవాడు కాదు. కానీ దిండులో సగమే వాడుకునేవాడు. బిస్కెట్టును రెండు ముక్కలు చేసి, ఒకటి తిని, కాసేపు ఆగి, తర్వాత రెండోది తినేవాడు. ఆ ఆగిన కాసేపూ పక్కకు చూస్తూ కూర్చునేవాడు. నేను గబుక్కున లేచి వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె తోమేదాన్ని. తోమిన గిన్నెనే మళ్ళీ తోమిన రోజులున్నాయి.

బాలయేసు పుట్టిన పాకను మావైపు కుడిల్ అంటాం. దాని ముందు పచ్చగడ్డి కోసం పది రోజుల ముందే రాగులు చల్లి మొలకెత్తిస్తాం. మేం రామని చెప్పినా మా అత్త ఊరుకోలేదు, ఎవరి చేతనో రాగులు పంపింది. మా ఆయన పెరుగు డబ్బాలకు కాల్చిన మేకుతో అడుగున చిల్లులు పెట్టాడు. మూడో తరగతి చదివే మా పెద్దది మట్టి నింపి రాగులు చల్లింది. ఎవరిది ఎవరిదో తెలియాలని స్టిక్కర్లు అంటించింది. తనకి సీతాకోకచిలుక, తమ్ముడికి బస్సు. నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి కిటికీలో మూడు డబ్బాలున్నాయి. మూడోదానిమీద కుందేలు.

ఎవరిదని నేను అడగలేదు. మా ఆయన నా ముఖం చూసి, "ఉండనీలే" అన్నాడు. ఉండనిచ్చాను. కానీ పది రోజులూ ఆ డబ్బా వైపు చూడకుండానే కిటికీ మూసేదాన్ని, తెరిచేదాన్ని.

పండగ ముందురోజు మధ్యాహ్నం పిల్లలు అన్నం తిని నిద్రపోయారు. మా ఆయన అట్టపెట్టెతో పాక కట్టాడు, కాస్త ఒరిగింది. "ఇది రిజెక్టు" అని నేను వెక్కిరించాను. "బాలయేసుకి లేని క్వాలిటీ పట్టింపు నీకెందుకే" అని ఆయన నవ్వాడు. ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాం. ఆ హుషారులో, మొలకలు తెచ్చి ముందర పెడదామని కిటికీ దగ్గరికి పోయాను.

సీతాకోకచిలుక డబ్బా పచ్చగా ఉంది. కుందేలు డబ్బా ఇంకా పచ్చగా, ఒత్తుగా, పిల్లల జుట్టులా ఉంది. బస్సు డబ్బాలో మొలకలు నల్లబడి, బురదలో కుళ్ళిపోయి వాసన కొడుతున్నాయి.

బతికున్న బిడ్డది చచ్చిపోయింది. చచ్చిపోయిన బిడ్డది ఏపుగా పెరిగింది. నాకు ముసలామె వేళ్ళు చేతిమీద తగిలినట్టే అయింది. ఒక్క పరుగున పోయి, నిద్రపోతున్న వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగా తగిలింది. అయినా నాకది చాలలేదు. తిరిగొచ్చి రెండు స్టిక్కర్లూ గోటితో ఊడదీశాను. రెండూ సులువుగా వచ్చేశాయి, వాటి వెనక ఎండిన అన్నం మెతుకులు ఉన్నాయి. తప్పులు పట్టే నా కళ్ళు అది చూసి కూడా చూడలేదు. బస్సును పచ్చటి డబ్బాకి అంటించాను. కుందేలును కుళ్ళినదానికి అంటించి వెనక బట్టలుతికే బండ కింద దాచాను. ఒక బిడ్డ దగ్గర లాక్కుని ఇంకో బిడ్డకి ఇచ్చానని నాకు తెలుసు. తెలిసే చేశాను.

పొద్దున చర్చికి పోయి వచ్చాం. పాక ముందు రెండు పచ్చటి డబ్బాలు, మధ్యలో బాలయేసు. పిల్లలు కొత్తబట్టలు విప్పి పాతవి వేసుకున్నారు. బిర్యానీ దమ్ములో ఉంది. వాడు పాక ముందు బోర్లా పడుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఇది నాది కాదు. పాపది" అన్నాడు. చెల్లెల్ని వాడు పిలిచే పిలుపు అది. రెండేళ్ళ తర్వాత ఆ పిలుపు ఇంట్లో వినబడింది.

"నీదేరా, బస్సుంది చూడు" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా ఉంది.

"కాదు. నాది పాపకి ఇచ్చేసినాను."

పెద్దది తల వంచుకుని చెప్పింది. "నీకు చెప్పొద్దన్నాడమ్మా. పాప లేదు గదా, దానికి నీళ్ళు ఎవరు పోస్తారని దినామూ వీడే పోసినాడు. పోసి పోసి దాన్ని కుళ్ళబెట్టేసినాడు. పాపది చచ్చిపోయిందని ఒకటే ఏడుపు. మళ్ళ వాడే స్టిక్కర్లు పీకి, వాడిది దానికిచ్చి, కుళ్ళింది వాడు తీసుకున్నాడు. నేనే మెతుకు పెట్టి అంటించినాను."

ఎవరూ వాణ్ణి పిలవలేదు. వాడే దాని దాహం చూసుకున్నాడు. నేను రెండేళ్ళు మూసిన తలుపు వెనక ఉన్నది ఇదా అనిపించి, అక్కడే నేలమీద కూర్చున్నాను. మా ఆయన పొయ్యి ఆపేసి వచ్చి నిలబడ్డాడు.

"పాపది నువ్వెందుకు తీసుకున్నావు?" అని అడిగాడు వాడు.

"భయమేసింది నాయనా."

"పాపంటేనా?"

లేచి, బండ కింద దాచిన డబ్బా తెచ్చాను. కుందేలును పచ్చటి డబ్బాకి అంటించడం కష్టం కాలేదు. నా కొడుకు బస్సును కుళ్ళిన మొలకల డబ్బాకి అంటించడానికి నా వేళ్ళు ఆడలేదు. భయం ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ పోలేదు. వాడు నా మోకాలికి ఆనుకుని చూస్తున్నాడు. అంటించాను. మూడు డబ్బాలూ వరసగా పెట్టి, వాడిదీ వాడి అక్కదీ పేర్లు చెప్పి, వాడి చెల్లెలి పేరు కూడా పైకి చెప్పాను.

సాయంత్రం కేకు కోసి తలా ఒక ముక్క ఇచ్చాను. వాడు తన ముక్కను రెండు చేసి, ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకుని ఆగాడు. ఈసారి నేను వంటింట్లోకి పోలేదు. పోయి వాడి పక్కన కూర్చుని నేను కూడా ఆగాను. ఎంతసేపు ఆగాలో వాడికి తెలుసు.