మర్పల్లి సుజాతక్క చేసిపెట్టిన ప్యాకేజీ

నిన్న పొద్దున వికారాబాద్ బస్టాండ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. సుజాతక్క తమ్ముడు.

"అక్క లేదు, మాధవక్కా" అన్నాడు.

ఎక్కడికి పోయిందని అడిగాను.

అతను చెప్పింది అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది.

స్ట్రోక్. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్కది మర్పల్లి. వికారాబాద్‌లో మేమిద్దరం కంప్యూటర్ సర్వీస్ షాపు నడుపుతున్నాం. పాత కంప్యూటర్లలో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి స్కూళ్లకి, చిన్న యూనిట్లకి ఇస్తాం. రెడీమేడ్‌గా దొరకని సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేయడం, అంటే రాసిన కోడ్‌ని కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం, అక్క పని. పక్కన కూర్చుని విసుక్కోవడం నా పని.

తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్. అక్కడ రాయి కోసే మెషిన్ కంప్యూటర్‌తో నడుస్తుంది. ఒకసారి దాని డిస్క్ పోయింది. మెషిన్ అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. మిగిలింది ఒక సీడీ, అందులో పాత సోర్స్ కోడ్. మమ్మల్ని పిలిచారు.

మెషిన్ ఆగితే కూలీ లేదు. పనివాళ్లు నీడకు కూర్చుని మా వైపే చూస్తున్నారు.

బిల్డ్ పెట్టిన ప్రతిసారీ స్క్రీన్ నిండా ఎర్రర్లే. నేను చివరి లైన్ పట్టుకుని వెతుకుతుంటే అక్క మౌస్ లాక్కుంది. పైకి స్క్రోల్ చేసుకుంటూ పోయి మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఆగింది. ఆ ప్రోగ్రామ్‌కి తోడుగా ఉండాల్సిన కోడ్, ఒక లైబ్రరీ, లేదు. అది తెచ్చి వేస్తే స్క్రీన్ ఇంకొకటి లేదంది. అట్లా మర్నాడు సాయంత్రానికి మెషిన్ కదిలింది.

నాకు నడుము పడిపోయింది. ఇక పోదామన్నాను.

ఆమె లేవలేదు.

"ఇప్పుడైతే నడుస్తది. మళ్ల డిస్క్ పోతే? మనం రాకపోతే వీళ్లేం జేస్తరు? ప్యాకేజ్ జేసి పోదాం, జర కూసో."

తిట్టుకుంటూ కూర్చున్నాను. ఏ ఫైల్ ఎక్కడికి పోవాలో, ముందు ఏ లైబ్రరీలు ఉండాలో అన్నీ రాసి, మొత్తం ఒకే ఫైల్‌గా చేసింది. మెషిన్ నడిపే బసవరాజ్ చేతనే దాన్ని ఇన్‌స్టాల్ చేయించింది. తీసేయించి, మళ్లీ చేయించింది.

బస్సులో సీట్లు లేవు. నిలబడే వచ్చాం.

పోయిన నెల ఆ డిస్క్ నిజంగానే మళ్లీ పోయింది. బసవరాజ్ కొత్త డిస్క్ తెచ్చి, ప్యాకేజీ తనే వేసుకున్నాడు. మెషిన్ నడిచాక, ఊరికే చెబుదామని ఫోన్ చేశాడు.

అక్క ఫోన్ పెట్టేసి మాకిద్దరికీ చాయ్ తెప్పించింది.

"మనతోని పనే లేకుండ అయిందట."

అంత సంతోషంగా ఆమెను నేను ఎక్కువసార్లు చూడలేదు.

నిన్న సాయంత్రం మర్పల్లిలో సమాధి చేశాం. బసవరాజ్ వచ్చాడు. పోయేముందు, షాపు నడుపుతారా అక్కా అని అడిగాడు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఇవాళ షట్టర్ తీయలేదు. ఫోన్లు ఎత్తలేదు. ఒళ్లంతా అలసట. కోట్‌పల్లి వైపు ఒక స్కూలు కోసం అక్క మొదలుపెట్టిన బిల్డ్ ఆమె కంప్యూటర్‌లో సగంలో ఉంది.

రేపు పోయి చూస్తాను. ఇవాళ నా వల్ల కాదు.

పోయి రా సుజాతక్కా. నీ దేవుడు నిన్ను నిమ్మళంగా చూసుకోవాలి.