ఇస్సాకు దించిన నీళ్ళు

ఇస్సాకు ముప్ఫై ఏళ్ళు కాలువ లస్కరుగా పనిచేశాడు. తూము తలుపు ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూడడం ఆయన పని. ఆళ్ళగడ్డ దాటాక, రుద్రవరం వైపు, గట్టు మీద రెండు గదుల ఇల్లు ఇచ్చారు. పెళ్ళి చేసుకుని లూదియాను ఆ ఇంటికే తీసుకొచ్చాడు.

"మనుషులు యాడుండారయ్యా ఈడ? అన్నీ కప్పలే" అంది ఆమె మొదటి రోజే.

"కప్పలు జగడమాడవు లే."

"నేనాడతా."

జ్యోత్స్న ఆ ఇంట్లోనే పుట్టింది. నడక కంటే ముందు ఈత వచ్చిందని ఇస్సాకు అందరికీ చెప్పుకునేవాడు. అది నిజం కాదు. కాస్త పెద్దయ్యాక వీపుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి నీళ్ళలో దించాడు. మరుసటి ఏడు ఆ పిల్లే బుర్రలు విప్పి గట్టు మీదికి విసిరేసింది.

ఏటా కాలువకు కొత్త నీళ్ళు వదిలిన రోజు ఇంట్లో వంట ఆలస్యమయ్యేది. ఎండిన కాలువలో నీళ్ళు పాక్కుంటూ వచ్చేవి. ముందు నురుగు, ఎండుటాకులు, పుల్లలు. వాటికి ముందు తండ్రీకూతుళ్ళు వట్టికాళ్ళతో కాలువ నడుమ నడిచేవాళ్ళు. మడమ తడిసినవాళ్ళు ఓడినట్టు. ఇస్సాకు మడమే ఎప్పుడూ ముందు తడిసేది. ఆ తడిసిన మట్టి వాసన నంద్యాలలో ఎంత వాన కురిసినా రాదని ఆయన ఇప్పటికీ అంటాడు.

జ్యోత్స్నకు పదో ఏట, ఒక మధ్యాహ్నం, ఇద్దరూ కాలువలో ఉన్నారు. ఆ పిల్ల చేతికందే దూరంలో ఉంది. మునిగేవాళ్ళు చేతులు కొట్టుకుంటారు, అరుస్తారు. ఆ పిల్ల అరవలేదు. మాట మధ్యలో ఆపినట్టు నీళ్ళ కిందికి పోయింది.

గట్టు మీదికి తెచ్చేసరికి ఒళ్ళంతా కొట్టుకుంటోంది. పొలాల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఒకరు పిడికిట్లో తాళాల గుత్తి పెట్టారు. ఒకరు ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టారు. ఇస్సాకు ఆ పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. అంతకాలం తన చెప్పుచేతల్లో ఉన్న నీళ్ళు.

నెల తిరక్కముందే కాపురం నంద్యాలకు మారింది. అక్కడ నీళ్ళు కుళాయిలో వస్తాయి, బకెట్లో ఆగుతాయి. ఇస్సాకు మాత్రం రిటైరయ్యేదాకా రోజూ ఆళ్ళగడ్డ బస్సెక్కి పనికి పోయి వచ్చాడు. ఇంట్లో స్నానాల గదికి గడియ పీకేశాడు. జ్యోత్స్న స్నానం చేసినంతసేపూ పాట పాడాలి. పాట ఆగితే బయటినుంచి "పాపా?" అని పిలుపు. పెద్దదయ్యాక ఆ పిల్ల కావాలనే మధ్యలో ఆపేది.

"ఊపిరన్నా తీసుకోనీ నాయనా!"

కర్నూలులో తలకు ఫొటోలు తీశారు. వైర్లు అంటించి గీతలు తీశారు. ఏమీ కనిపించలేదన్నారు. మాత్రలు మార్చారు. కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ వచ్చేది. కొన్నిసార్లు వచ్చేది ఫిట్సో కాదో డాక్టర్లకే అంతుబట్టలేదు.

"తలకాయలో ఏమీ లేదంట" అంది లూదియా బస్సులో తిరిగి వస్తూ. "నాకు ముందే తెల్సు. వాళ్ళ నాయన పోలిక." పాణ్యం దాటేదాకా జ్యోత్స్న నవ్వుతూనే ఉంది. ఇస్సాకు కూడా నవ్వాడు, కిటికీ వైపు తిరిగి.

ఇప్పుడు జ్యోత్స్న చిన్న బడిలో టీచరు. తాను పడిపోతే బెంచీలు పక్కకు లాగాలని, తనను పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని పిల్లలకు మొదటి రోజే నేర్పింది. ఒకసారి వాళ్ళు అలాగే చేశారు. ఆమె లేచాక, "టీచర్, మళ్ళీ ఎక్కాలు చెప్పాల్నా?" అని అడిగారు.

చిన్నప్పుడు చర్చిలో చిలకరించిన నీళ్ళు చాలవని, పెద్దయ్యాక తానుగా బాప్తిస్మం తీసుకోవాలని ఆమెకు కోరిక. వాళ్ళు పోయే ప్రార్థన సంఘంలో నీళ్ళలో పూర్తిగా ముంచి ఇస్తారు. పాస్టరు సుందరరాజు ఇంటికొచ్చి మెల్లగా చెప్పాడు.

"తల్లీ, నీకు చెంబుతో తలమీద పోస్తా. దేవుడు కాదనడు."

"అందరికీ కాలువ, నాకు చెంబా అయ్యగారూ?"

పక్కన ఇద్దరు మనుషులుంటే పర్వాలేదని డాక్టరు అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడుగా ఇస్సాకు ఉంటానన్నాడు. ఎక్కడని పాస్టరు అడిగితే, ఆళ్ళగడ్డ అవతల, తాము ఉన్న ఇంటి ముందు కాలువ అంది జ్యోత్స్న. ఇస్సాకు ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నాడనుకున్నారు.

శనివారం ఆయన ఒక్కడే ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. ఇప్పటి లస్కరు ప్రేమ్ సాగర్ దగ్గర తూము తలుపు తిప్పే పిడి అడిగాడు.

"రేపు ఒక గంట దించుకుంటా సాగరూ. మళ్ళా నేనే ఎత్తుతా."

"నీ కాలువే గదన్నా" అని ప్రేమ్ సాగర్ పిడి ఇచ్చి తన ఊరికి పోయాడు.

ఆదివారం పొద్దున, గట్టు మీద ముళ్ళు తీస్తానని చెప్పి, అందరికంటే ముందే పోయాడు ఇస్సాకు. ఎగువనున్న తూము తలుపు దించాడు. తన లెక్క తనకుంది. సంఘం వచ్చేసరికి నీళ్ళు నడుము దాకా ఉంటాయి. ముంచవచ్చు, పోగొట్టుకునేంత లోతు ఉండదు. కానీ అది మట్టి కాలువ నాటి లెక్క. ఆయన రిటైరయ్యాక కాలువకు సిమెంటు వేశారు. నున్నటి సిమెంటు మీద నీళ్ళు నిలవలేదు.

తెల్లబట్టల్లో సంఘం పాత ఇంటి ముందున్న వంతెన దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. పాస్టరు దిగి నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఏందీ, నీళ్ళు యాడికి పోయినాయి?"

బాప్తిస్మానికి వచ్చిన ముసలామె గట్టు మీదినుంచి అరిచింది. "ఈ నీళ్ళతో నా పాదాలకే రక్షణ దొరుకుతాది అయ్యగారూ!"

అందరూ నవ్వారు. జ్యోత్స్న నవ్వలేదు. ఆమె కాలువ గోడకు ఉన్న తడిగీత చూసింది. తర్వాత తండ్రిని చూసింది. దగ్గరికి వచ్చింది.

"ఎన్ని చుట్లు దించినావు నాయనా?"

ఇస్సాకు పిడి తువ్వాలలో చుట్టి పట్టుకుని ఉన్నాడు.

"నీ నడుము కాడికుంటాయనుకుంటి. ఇంత దిగుతాయనుకోలేదు పాపా."

"పో. ఎత్తిపో."

"నేను నీ పక్కన నిలబడాల గదా. సాగర్ వచ్చినాక..."

"ఆయప్ప యాడుండాడో. వీళ్ళంతా ఎండలో నిలబడుకోని ఉండారు. దించింది నువ్వు, ఎత్తేది నువ్వే."

"నీళ్ళల్లో నీకు..."

"వస్తే వస్తాది. పట్టుకునేటోళ్ళు ఈడ శానామంది ఉండారు."

లూదియా చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వెళ్ళి కాలువలో నిలబడింది, ఇస్సాకు నిలబడవలసిన చోట.

తూము దగ్గరికి పోవాలంటే వంపు తిరగాలి. అక్కడినుంచి వంతెన కనిపించదు. తుమ్మచెట్లు అడ్డం. ఇస్సాకు తొందర తొందరగా నడిచాడు. పిడి తగిలించి తిప్పాడు. తలుపు లేచింది. నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. ఆ హోరులో ఇంకేమీ వినిపించలేదు.

తిరిగి పోదామని రెండుసార్లు అనుకున్నాడు. నీళ్ళు ఎంత పోతున్నాయో చూడకుండా తూము వదిలిపోకూడదు. అలవాటు. అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడు పాస్టరు ప్రార్థన చేస్తుంటాడు అనుకున్నాడు. ఇప్పుడు ముసలామెను ముంచుతుంటారు. ఇప్పుడు. కాదు, ఇప్పుడు. తర్వాత అనుకోవడం చాతకాలేదు. నీళ్ళ వైపు చూస్తూ ఉన్నాడు.

గట్టు వెంట ఎవరో వస్తున్నారు. తెల్లబట్టలు ఒంటికి అంటుకుని, జుట్టు కారుతూ, జ్యోత్స్న. వెనక దూరంగా లూదియా, తువ్వాల ఊపుకుంటూ.

"అయిపాయ నాయనా."

"ఎప్పుడు?"

"ఇంతకుముందే. మెడకాడికి వచ్చినాయి నీళ్ళు. శానా వదిలినావు. పాస్టరుగారే తడబడ్నాడు. నేనే ఆయన్ని పట్టుకుంటి."

ఇస్సాకు ఆమె ముఖం చూశాడు. కళ్ళు, పెదవులు, చేతివేళ్ళు. ఎప్పుడూ చూసే క్రమంలోనే. చలికి వణుకుతోంది, అంతే.

"కొంచెం దించు, పొలాలు మునుగుతాయి" అంది ఆమె. తూము గట్టు మీద, నీళ్ళ అంచున కూర్చుని జుట్టు పిండుకుంటోంది. ఇవతలికి జరగమని చెప్పబోయాడు ఇస్సాకు. చెప్పకుండా, పిడి తిప్పడం మొదలుపెట్టాడు.