వేట లేని రేవులో ఒక పగలు

2017 మే నెలలో నేను నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లో మత్స్యాభివృద్ధి అధికారిని. చెరువుల మత్స్యకార సొసైటీల వాళ్లను విజ్ఞాన యాత్రకు తీసుకెళ్లడం మా విధుల్లో ఒకటి. ఆ ఏడు శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, ఒడిశాకు దగ్గరగా ఉన్న ఒక రేవు ఊరు ఎంపికైంది. తీరా దిగితే పడవలన్నీ ఇసుకమీదే ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేటను ప్రభుత్వం ఏటా రెండు నెలలు ఆపుతుంది. పెళ్లయిన మర్నాడు పందిట్లో అడుగుపెట్టినట్టయింది మా పని.

అయినా చూడటానికి చాలా ఉంది. మావాళ్లు పడవలను తట్టి చూశారు, ఎండుచేపలు వాసన చూశారు, సముద్రపు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశారు. వాళ్లలో ఒక సొసైటీకి అధ్యక్షుడైన సైదులు మాత్రం, వల బాగుచేసుకుంటున్న అప్పన్న అనే ముసలాయన పక్కన కూర్చున్నాడు.

"ఇంత పెద్ద నీళ్లల్ల చేపపిల్లల్ని ఎవరు పోస్తరు పెద్దయ్యా?" అని అడిగాడు. మా చెరువుల్లోకి పిల్లలు ఏటా ప్రభుత్వ లారీలో వస్తాయి మరి. అప్పన్న నవ్వలేదు.

"ఎవులూ ఎయ్యరు బావు. గుడ్లెట్టీ రోజుల్లో మనం ఆటి జోలికెల్లకుండా ఒగ్గేత్తే అయ్యే పెరుగుతాయి" అన్నాడు. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం కష్టమేనని కూడా దాచలేదు.

తిరుగు రైల్లో సైదులు తన చెరువు సంగతి మొదలుపెట్టాడు. వాళ్ల చెరువులో కొర్రమీను దాదాపు కనబడకుండా పోయింది. అది లారీలో రాదు, చెరువులోనే పుట్టాలి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద తేలితే, కింద తల్లి కాపలా ఉంటుంది. సరిగ్గా అక్కడే గాలం వేసి తల్లిని లాగుతారు. ఆ పనిలో చుట్టుపక్కల పేరున్న మనిషి సైదులు తండ్రి రాములు.

"మా బాపును ఎట్ల ఆపాలె సారూ" అని నల్లగొండ చేరబోతుండగా అడిగాడు.

జూన్‌లో వాళ్ల సొసైటీ సమావేశానికి వెళ్లాను. పిల్లల గుంపుమీద ఎవరూ గాలం వేయరాదని సైదులే తీర్మానం పెట్టాడు. రాములు లేచి, "గా గాలం పట్టే నీకు బువ్వ పెట్టిన గదరా" అన్నాడు. సైదులు తలెత్తలేదు, తీర్మానం వెనక్కీ తీసుకోలేదు, చివరికి అది నెగ్గింది. ఆ పెద్దాయన మొహం చూడటం నాకే కష్టమైంది.

వానలు పడ్డాక ఒక ఉదయం తనిఖీకి వెళితే, రాములు చెరువు కట్టమీద ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. నీటిమీది పిల్లల గుంపును నాకు చూపించాడు.

"తల్లి గా కిందనే ఉన్నది సారూ. చెయ్యి గుంజుతాంది. అందుకే గాలం ఇంట్ల పెట్టొచ్చిన" అన్నాడు.

వేట నిషేధాన్ని కాగితం మీద పెట్టడం మా శాఖ పని. దాన్ని నిలబెట్టేది మాత్రం ఆ వేటలో అందరికన్నా చెయ్యి తిరిగిన మనిషి. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా, ముందు అక్కడి అలాంటి మనిషి ఇల్లే అడిగేవాణ్ని.