అత్త దాటని వరస

బాపు పోయిన పొద్దున అమ్మ ఏడవలేదు. కొత్తవాడలో మా ఇంటి ముందు ఆయన్ని పడుకోబెడితే, తలాపున కూర్చుని ఎదురుగోడ వైపు చూస్తూ ఉండిపోయింది. "జర ఏడ్పియ్యుండ్రి, లోపల్నే వెట్టుకుంటె పానం మీదికొస్తది" అని వాడకట్టు ఆడవాళ్లకు ఒకటే ఫికర్. ఎవరు ఎంత చెప్పినా ఆమె కన్ను తడవలేదు. నాకు భయమేసింది.

అప్పుడే నెక్కొండ నుంచి మా మేనత్త, బాపుకు అక్క, వచ్చింది. ఆటో దిగుతూనే శోకం అందుకుంది.

"నీళ్లడిగితె పాలిస్తివి తమ్ముడా, నిలవడితె పీటేస్తివి తమ్ముడా..."

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. సమయం కాదని తెలిసినా నా చెవి ఊరుకోదు. ఆ 'స్తివి'లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడటం, ప్రతి వరసా 'తమ్ముడా' దగ్గరికొచ్చి గొంతు విరగడం వింటూనే ఉన్నాను. కవితలో ఒకే మాట ఇన్నిసార్లు కనిపిస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసేదాన్ని. ఇక్కడ అదే మాట వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త బరువెక్కుతోంది. ఎలాగబ్బా అనుకున్నాను.

"ఒక్కమాట జెప్పకుంట ఎట్ల వోతివి తమ్ముడా" దగ్గర అత్త ఆగిపోయింది. అదే అంటోంది, మళ్లీ అదే. తర్వాతిది మర్చిపోయిందేమో అనుకున్నాను. చుట్టూ ఏడుపులు కూడా సన్నగిల్లాయి. అత్త మాత్రం అమ్మ మోకాలి మీద చెయ్యేసి ఆ వరసనే అంటూ పోయింది. చాలాసేపటికి అమ్మ పెదవులు కదిలాయి. "ఎట్ల వోతివి..." అంది. ఆ వెంటే "నా రాజా" అని ఒక్కసారిగా బద్దలైంది. అప్పుడు గానీ అత్త తర్వాతి వరసకు పోలేదు.

మూడోనాడు బాపు పేరున పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, అరుగు మీద అత్త ఒంటరిగా దొరికింది. అడగకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

"అత్తమ్మా, గా ఒక్క వరస కాడనే గంతసేపెందుకు ఆగినవ్? మర్శిపోయినవా?"

"నీ సదువు సల్లగుండ! మర్శిపోవుడేంది? మీ అమ్మ ఇంకా శోకంలకు రాలేదు గద. నేను ముందటికి వోతె అది ఒక్కతే అయితది."

నాకు హుషారు పుట్టింది. "మరి గా మాటలన్నీ ఆటోలనే కట్టినవా?"

అత్త నా మొహంలోకి చూసింది. "అన్నీ అడుగుతానవ్ బిడ్డా. నీ కోసం గూడ ఆగిన. నువ్వే రాకపోతివి."

ఆ పొద్దున నేను విన్నాను, అంతే.

"బాపూ" అన్నాను.

అత్త నన్ను దగ్గరికి లాక్కుంది.

"మల్ల అను."