ముందు వరుసలో కంచం

మణుగూరు గని కాలనీ దాటాక, రోడ్డు అడవిలోకి తిరిగే మలుపు దగ్గర ఎబినేజర్ గారి ఇల్లు. ఆ ఇంటి వెనక నీళ్ల ట్యాంకు కింద ఒక గది ఉంది. ఇంటి గిన్నెలు తోమినంత కాలం ఆ గది ముత్యాలమ్మది. ఈ ఒప్పందానికి కాగితం లేదు. పదకొండేళ్లుగా వంటింటి సింకే సాక్షి.

ఎబినేజర్ గారు గనిలో భద్రతాధికారిగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో దీపం పగిలినా, తట్ట తిరగబడినా, ఎవరి చెప్పు తెగినా విచారణ జరిపారు. ప్రతి విచారణా ఒకే వాక్యంతో ముగిసేది: "కారణం, పనివాడి నిర్లక్ష్యం." ఆయన వీడ్కోలు సభలో గాలికి షామియానా ఒరిగితే, ముందు తాడు కట్టినవాడి పేరు రాసుకుని, తర్వాతే మెడలో దండ వేయించుకున్నారు.

ఆ సభలోనే తోటివాళ్లు ఆయనకు తాంబాళమంత స్టీలు కంచం బహూకరించారు. అంచు మీద "ప్రమాదరహిత సేవకు గుర్తుగా శ్రీ బి. ఎబినేజర్ గారికి" అని చెక్కించారు. అది మొదలు ఆయన మరో కంచంలో మెతుకు ముట్టలేదు. తద్దినానికి పిలిచినా, పెళ్లికి పిలిచినా సంచిలో కంచం ఆయన వెంటే వెళ్లేది.

క్రిస్మస్ ముందు ఆయన భార్య మహిమ గారు కొత్తగూడెం నుంచి గిన్నెలు కడిగే మిషను తెప్పించారు. పాస్టరు గారు వచ్చి దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్న వెంటనే ఎబినేజర్ గారు అందులో ఎవరి స్థానం ఎక్కడో ప్రకటించారు. ఆయన కంచం కింది అరలో ముందు వరుసలో, తలుపుకు ఎదురుగా, అక్షరాలు బయటికి కనబడేలా నిలబడాలి. దాని వెనక మహిమ గారి కంచం. ఆ వెనక చుట్టపక్కాలవి, గిన్నెలు, గరిటెలు. చిట్టచివర కుక్కర్ మూత. చేత్తో తోమే రోజుల్లో కూడా అయ్యగారి కంచానిదే మొదటి వంతు. మిషను వచ్చినంత మాత్రాన పద్ధతి మారుతుందా?

"ముత్యాలమ్మా, మిషను దారిల పడ్డదాకా నువ్వే నడుపు" అన్నారు మహిమ గారు చల్లగా. "గా తర్వాత నీకు ఏ తిప్పలుండయ్. ఎనక గది మా మహిళా సమాజం కుట్టు మిషన్లకు ఇద్దామనుకుంటున్న."

తిప్పలతో పాటు గది కూడా ఉండదన్నమాట. ముత్యాలమ్మ తల ఊపింది. ముదిగొండలో ఆమె కూతురు గ్రేస్‌కు ఐదో నెల. తొలి కాన్పు. పురిటికి పుట్టింటికి రావాలి. గ్రేస్‌కు పుట్టిల్లంటే ట్యాంకు కింది ఆ ఒక్క గదే.

ముత్యాలమ్మ అదృష్టమో దురదృష్టమో, మిషను మొదటి రోజే మొరాయించింది. రెండు గంటలు గుడగుడలాడి, ఆగి, కూత పెట్టింది. తలుపు తీస్తే కంచాల మీద పప్పు మరకలు ఎండి కరుచుకుని ఉన్నాయి. తలుపు లోపలి పెట్టెలో నీలం సబ్బు బిళ్ళ, ముఖం మాత్రం తడుపుకుని, నిక్షేపంగా కూర్చుని ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గిన్నెలన్నీ మళ్లీ ముత్యాలమ్మ తోమింది. అంటే మిషను వచ్చాక ఆమెకు పని రెండింతలైంది.

ఎబినేజర్ గారికి మాత్రం రిటైరయ్యాక అంత కళ ఎన్నడూ రాలేదు. అట్ట ఫైలు తీసి "బిళ్ళ కరగని ఘటన" అని రాసి విచారణ ప్రారంభించారు. మొదటి ముద్దాయి బోరు నీళ్లు. నీటి కఠినత్వం తగ్గించే ఉప్పు పోసినా బిళ్ళ కరగలేదు. రెండో ముద్దాయి కరెంటు. స్టెబిలైజరు పెట్టినా కరగలేదు. మూడో ముద్దాయి కోతులు. అడవి కోతులు గోడ దిగి నీళ్ల పైపు మీద కూర్చుంటున్నాయని పైపు చుట్టూ ముళ్లకంప కట్టించారు. కోతులు ట్యాంకు మీదికి మారాయి. బిళ్ళ మారలేదు.

అప్పుడు కొత్తగూడెం నుంచి మెకానిక్ సతీష్ వచ్చాడు. తలుపు తెరిచి వివరించాడు. "చూడండి సార్. ఈ చిన్న పెట్టెల బిళ్ళ పెడ్తం. నీళ్లు తిరిగినంక దీని మూత దానంతటదే తెరుచుకుంటది. బిళ్ళ కిందబడి కరుగుతది. గంతే." ఖాళీ మిషను నడిపాడు. బిళ్ళ ఆనవాలు లేకుండా కరిగిపోయింది. అతను వెళ్లిన సాయంత్రం మళ్లీ కరగలేదు.

సతీష్ రెండోసారి వచ్చినప్పుడు గిన్నెలు పెట్టించి మరీ నడిపించారు. మధ్యాహ్నం పూట. ఎబినేజర్ గారు పెరుగన్నం దగ్గర ఉన్నారు. ముత్యాలమ్మ మిగతావన్నీ సర్దింది. బిళ్ళ కరిగింది. కంచాలు అద్దాల్లా వచ్చాయి.

"మిషన్ మస్తుగుంది సార్. మీ ఇంట్లనే ఏదో ఉంది" అని సతీష్ బండెక్కాడు.

మర్నాడు బిళ్ళ మళ్లీ పెట్టెలోనే ఉంది.

ఆ రోజు ఎబినేజర్ గారు కుర్చీ వంటింట్లోకి వేయించుకున్నారు. ముత్యాలమ్మ సింకు పక్కన నిలబడింది. ఆమె వెనక గోడ, ముందు ఆయన, పక్కన మిషను.

"మెకానిక్ ఉంటే కరుగుతున్నది. అవునా?"

"అవ్, అయ్యగారూ."

"నీళ్లు అవే, కరెంటు అదే, బిళ్ళ అదే. మారింది ఎవరు?"

"నేను గప్పుడూ ఉన్నగద, అయ్యగారూ."

"గప్పుడు నీ మీద నిఘా ఉంది" అన్నారు ఆయన గంభీరంగా. "ఆదివారం దాకా చూస్త. కరగకపోతే, పని తెలిసిన మనిషిని పెట్టుకుంటం."

ముత్యాలమ్మకు తన పరిస్థితి బాగా అర్థమైంది. బిళ్ళ కరగకపోతే తప్పు ఆమెది, గది పోతుంది. బిళ్ళ కరిగితే ఆమెతో పని ఉండదు, గది పోతుంది. నీలం రంగు సబ్బు ముక్క ఒకటి ఆమెకు రెండు వైపులా గడియ పెట్టింది.

శనివారం ఆమె మిషను ముందు చతికిలబడి తలుపుకు చెవి ఆనించింది. నీళ్లు తిరిగాయి. కాసేపటికి లోపల "టక్" మంది. తెరుచుకోబోయిన మూత దేనికో తగిలిన చప్పుడు. ఇరవై ఏళ్ల కిందటి తన గుడిసె తలుపు అలాగే మంచం కోడుకు తగిలేది. మిషను ఆగాక తెరిచి చూసింది. మూత వేలెడు కూడా తెరుచుకోకుండా బిళ్ళను పట్టుకుని ఉంది. ఎదురుగా అయ్యగారి కంచం. "ప్రమాదరహిత సేవకు" అన్న చోట అంచు మీద నీలం సబ్బు మరక.

ఇన్నాళ్లూ విచారణ జరిపిన అధికారి కంచమే దారికి అడ్డం నిలబడింది. ఈ మాట ఆయనకు చెప్పేదెవరు? గనిలోనే ఎవరూ చెప్పలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాలయ్యాయి. ముత్యాలమ్మ అన్నీ వరుసగా సర్దింది. ఎబినేజర్ గారు వంగి, ముందు వరుసలో తన పేరు చదువుకుని, తృప్తిగా వెనుదిరిగారు. ఆయన గడప దాటేలోపు కంచం ఆఖరి వరుసకు, కుక్కర్ మూత పక్కకు చేరింది. తలుపు మూసుకుంది. కడగడం అయ్యాక ముందుగా కంచాన్నే బయటికి తీసింది. బిళ్ళ కరిగింది.

ఎబినేజర్ గారు ఫైల్లో చివరి పేజీ రాశారు. "కారణం, పనిమనిషి నిర్లక్ష్యం. నివారణ, కఠిన పర్యవేక్షణ. ఫలితం, సంతృప్తికరం."

సోమవారం మహిమ గారు గదికి కొలతలు తీయించే ముందు స్వయంగా మిషను నడిపి చూశారు. భర్త కంచాన్ని భక్తిగా ముందు నిలబెట్టారు. బిళ్ళ కరగలేదు. మంగళవారం ముత్యాలమ్మ నడిపింది. కరిగింది. బుధవారం మహిమ గారు. కరగలేదు.

"నీ హస్తవాసి మంచిదే ముత్యాలమ్మా" అన్నారు చివరికి, కొలత టేపు చుట్టేస్తూ. కుట్టు మిషన్లు పాస్టరు గారి వరండాలోకి వెళ్లాయి.

గది దక్కింది. కానీ ఆ రోజు నుంచి ముత్యాలమ్మ గేటు దాటలేదు. ఆమె లేని పూట ఎవరైనా కంచం ముందు పెట్టి ఆ "టక్" వింటే? జ్వరమొచ్చినా లేచింది. చెల్లెలి ఇంట్లో గృహప్రవేశానికి పోలేదు. ఏడో నెలలో గ్రేస్‌ను తీసుకురావడానికి తాను వెళ్లలేక, అల్లుడినే వెంటబెట్టుకొచ్చి దింపిపొమ్మంది. గుట్టు ఆమె దాచింది. ఆమెను గుట్టు కట్టేసింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున గ్రేస్‌కు నొప్పులు మొదలయ్యాయి. ముత్యాలమ్మ ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకుపోయింది. మధ్యాహ్నానికి ఫోను మోగింది.

"ఏడున్నవే? సమాజపోళ్లు పదిమంది తిని లేచిన్రు. బిళ్ళ కరగలే. జల్దీ ఆటోల వచ్చి పెట్టిపో" అన్నారు మహిమ గారు.

గ్రేస్ తల్లి మణికట్టును రెండు చేతులతో పట్టుకుని ఉంది. "అమ్మా, పోకు" అంది పళ్ల బిగువున.

ముత్యాలమ్మ కూతురి చేతుల వైపు చూసింది. మాట బయటపడితే గది పోవచ్చు. పోతే రేపు పసిబిడ్డతో ఎక్కడికి? అయినా ఈ చేతులు విడిపించుకుని పోవడం ఆమె వల్ల కాలేదు.

"అమ్మగారూ, ఫోను అయ్యగారికియ్యుండ్రి."

ఎబినేజర్ గారు గొంతు సవరించుకున్నారు. "చెప్పు."

"అయ్యగారూ, తప్పనుకోకుండ్రి. మీ కంచం ముందల ఉంటే బిళ్ళ మూతకు తగుల్తది. మూత తెరుసుకోదు. కంచం ఎనక్కి పెట్టుండ్రి. గంతే. ఇన్ని రోజులు నేను గట్లనే చేసిన."

అవతల ఎక్కడో కోతి అరిచింది.

"ఎనక్కంటే?" అన్నారు ఆయన నెమ్మదిగా. "మహిమ కంచం ఎనకాల్నా?"

"ఇంకా ఎనక, అయ్యగారూ. కుక్కర్ మూత పక్కపొంటి."

ముత్యాలమ్మ కళ్లు మూసుకుంది. గది, కట్టె మంచం, ఉతికి ఆరేసిన పాత చీరల పొత్తిళ్లు, అన్నీ గేటు బయట కనబడ్డాయి.

"అట్ల కాదు ముత్యాలమ్మా" అన్నారు ఎబినేజర్ గారు. "తప్పు మిషన్లనే ఉంది. దాన్ని బందు పెడుతున్న. గిన్నెలు సింకుల ఏపిస్త. నువ్వొచ్చినంక తోము. గది యాడికి పోదు." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించారు. "కుక్కర్ మూత సంగతి ఎవలితోటి అనకు."

సాయంత్రానికి గ్రేస్‌కు ఆడపిల్ల పుట్టింది.

మూడో రోజు ముగ్గురూ గదికి చేరారు. వంటింట్లో మిషను మీద పూల గుడ్డ కప్పి, పైన బియ్యం డబ్బా పెట్టారు. సింకులో మూడు రోజుల గిన్నెలు కిటికీ ఎత్తున నిలబడి ఉన్నాయి. అన్నిటి ముందు, గోడకు ఆనించి, అక్షరాలు బయటికి కనబడేలా ఆ కంచం. రాత్రి తిన్న పెరుగు ఎండిపోయి ఉంది.

వెనక గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. "అమ్మా, స్నానానికి నీళ్లు కాగినయా?" అని అడిగింది గ్రేస్.

"కాగినయ్ బిడ్డా" అంది ముత్యాలమ్మ, పీచు చేతికి తీసుకుంటూ. "అయ్యగారి కంచం ముందల కడిగొస్త."